ఫ్లాష్ వెయ్యకూడని గది

పెళ్లి అసలు నవంబరులో అనుకున్నారు. తర్వాత జూన్‌కి ముందుకు లాగారు. ఆస్ట్రేలియాలో అది చలికాలం. ఎందుకు లాగారని అడిగినవాళ్లందరికీ గ్లెండా ఒకటే జవాబు చెప్పింది: "చలికాలంలో బంగళా సగం రేటుకే ఇస్తారు." ఆమె చెప్పింది గనక మొగుడు రస్సెల్ అదే చెప్పాడు. ఆమె కొడుకు, పెళ్లికొడుకు ఫెర్గస్ అదే చెప్పాడు. వియ్యపురాలు డీడ్రీ పుట్టినప్పటినుంచీ ఎవరి మాటకీ ఊఁ కొట్టి ఎరగదు. ఆమె కూడా అదే చెప్పింది. నవంబరు దాకా గ్లెండా ఉండదని డాక్టరు అన్న సంగతి అందరికీ తెలుసు. కానీ నలుగురిలో చావు గురించి మాట్లాడటం మర్యాద కాదు. డిస్కౌంటు గురించి ఎంతసేపైనా మాట్లాడొచ్చు.

ఆ డిస్కౌంటు పెళ్లికి ఫొటోలు తీసే పని గ్లెండా తమ్ముడు ముర్రే మీద పడింది. ముర్రే బల్లారత్ చుట్టుపక్కల బళ్లలో పిల్లల ఫొటోలు తీసి బతికాడు. ప్రతి ఏడూ క్లాసు క్లాసునీ బెంచీల మీద వరసలుగా నిలబెట్టి, పొట్టివాళ్లని ముందు కూర్చోబెట్టి, "చెమట సాక్సులు!" అని అరుస్తాడు. పిల్లలు పకపకా నవ్వుతారు. ఆ నవ్వు ఆరిపోయేలోపు నొక్కేస్తాడు. ఆ ప్రాంతంలో ఎవరింటికి వెళ్లినా గోడ మీద చెమట సాక్సులకి నవ్విన మొహం ఒకటి ఉంటుంది. పెళ్లిళ్లు మాత్రం అతను ఒప్పుకోడు. పెళ్లిలో జనం బెంచీల మీద నిలబడరని అతని బాధ. కానీ ఇంట్లో ఫొటోగ్రాఫరుండగా బయటివాణ్ణి పిలవడమేంటని గ్లెండా తేల్చేసింది. తమ్ముడి మొహమాటాన్ని కూడా ఆమే కానుక కింద జమ కట్టేసింది.

ముర్రే ఒప్పుకోడానికి వేరే కారణం ఉంది. అక్కడ ఎవరైనా పోతే చర్చిలో ప్రార్థనలూ పాటలూ అచ్చేసిన చిన్న పుస్తకం పంచుతారు. అట్టమీద పోయినవాళ్ల ఫొటో ఉంటుంది. వీళ్లమ్మ పోయినప్పుడు ఇల్లంతా గాలించినా ఆమె ఒక్కతే ఉన్న ఫొటో దొరకలేదు. చివరికి ఎవరిదో పెళ్లి గుంపులోంచి ఆమెని కత్తిరించి వేశారు. ఆమెతోపాటు పక్కనున్న ఎవరిదో గోధుమరంగు కోటు భుజం కూడా వచ్చేసింది. ఆ భుజం ఎవరిదన్న వాదన ఇప్పటికీ ప్రతి క్రిస్మస్ భోజనాల దగ్గరా నడుస్తూనే ఉంది. రస్సెల్ అది బ్యాంకు మేనేజరుదంటాడు. గ్లెండా భుజాన్ని వదిలేసి తమ్ముణ్ణి పట్టుకుంటుంది.

"ఊళ్లో ప్రతి కోతిపిల్లకీ రంగుల ఫొటో తీశావు. కన్నతల్లి మాత్రం ఎవడి చంకలోనో దూరి పైకి పోయింది."

"ఆమె నిలబడేది కాదు గ్లెన్. కెమెరా తీస్తే చాలు, ఓవెన్ దగ్గరికి పోయేది."

"నువ్వూ ఓవెన్ దగ్గరికి పోవాల్సింది."

గ్లెండా కూడా నిలబడే రకం కాదు. ముర్రే దగ్గర ఆమె ఫొటోలు బోలెడున్నాయి. ప్లేటు అందిస్తున్న చెయ్యి. ఎవరిదో కాలరు సరిచేస్తున్న వీపు. "ఇప్పుడొద్దురా" అంటూ కెమెరాకి అడ్డం పెట్టిన అరచెయ్యి. మొహం ఎక్కడా లేదు. పెళ్లికూతురు టాంసిన్ ఎలా వచ్చినా ఫర్వాలేదు, పడుచుపిల్ల, మళ్లీ తీయొచ్చు. అక్కది ఒక్కటి, కెమెరాలోకి చూస్తూ, స్పష్టంగా ఒక్కటి రావాలి. ముర్రే ఆ పెళ్లికి వెళ్లింది దానికోసం.

పెళ్లి జరిగిన మెరిగల్ హౌస్ నల్లరాతి బంగళా. గొర్రెల ఉన్ని మీద తెగ గడించిన ఒక స్కాట్లండు మనిషి నూటయాభై ఏళ్ల కిందట కట్టించాడు. కుర్రతనమంతా అక్కడ చలికి వణికి, ఓడెక్కి ఇంత దూరమొచ్చి, డబ్బు చేతికందాక అంతే చలిగా ఉండే ఇల్లు ఇక్కడ కట్టుకున్నాడు. ఇప్పుడది ఒక సంఘం చేతిలో ఉంది. ఆదివారాలు జీతం లేని గైడ్లు వచ్చినవాళ్లకి గదులు తిప్పి చూపిస్తారు. అందులో గ్లెండా అందరికన్నా పాత మనిషి, ఆమె తర్వాత మార్జరీ. బంగళా సంఘానిదైనా నియమాలు గ్లెండావి. బూట్ల మీద గుడ్డ తొడుగులు వేసుకోకుండా ఆమెని దాటి లోపలికి వెళ్లినవాడు లేడు. దేవదారు నేల గీసుకుపోతుందని కెమెరా స్టాండుని కూడా కారులోనే వదిలెయ్యమంటుంది. తాడు కట్టిన కుర్చీలో గవర్నరొచ్చినా కూర్చోనివ్వదు. డ్రాయింగ్ రూములో ఫ్లాష్ మాట ఎత్తితే ఇక చెప్పక్కర్లేదు.

ఆ గది గోడలకంటించిన కాగితం ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చింది. ముదురాకుపచ్చ మీద బంగారు నెమళ్లు. వెలుతురు ఆ నెమళ్ల రంగు తినేస్తుందని గ్లెండా నమ్మకం. అందుకని కర్టెన్లు జానెడుకి మించి తెరవదు. ఫ్లాష్ వల్ల కాగితానికేమీ కాదని ముర్రే ఒకసారి ఎక్కడో చదివొచ్చి చెప్పాడు. ఆ ఏడు అతనికి పుట్టినరోజు కార్డు రాలేదు.

పెళ్లిరోజు తెల్లారేసరికే వాన. పైనుంచి పడే వాన కాదు, పక్కనుంచి కొట్టే వాన. డీడ్రీ ఫోన్‌లో వాతావరణం చెప్పే యాప్‌లు ఎన్నున్నాయో అన్నీ ఉన్నాయి. వాటిలో ఒక్కటి మాత్రం చిరుజల్లు అంది. ఆమె దాన్ని నమ్మి కొత్త తోలుబూట్లు వేసుకొచ్చింది. కార్లు గడ్డిలో దిగబడ్డాయి. దిగిన ప్రతి మనిషీ గొడుగు దులుపుతూ, "రైతులకి మంచిదేలే," అన్నాడు. అక్కడ వానని తిట్టడం పాపం. వచ్చినవాళ్లలో రైతన్నవాడు ఒక్కడూ లేడు. ఉన్నంతలో భూస్వామి రస్సెల్, అతని పెరట్లో నిమ్మచెట్టుంది. అయినా అందరూ మోకాళ్లదాకా తడిసి రైతుల తరఫున సంతోషించారు.

గుమ్మంలో గ్లెండా బుట్టెడు తొడుగులు ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. నీలం రంగు గౌను. ఎండాకాలంలో కొన్నప్పుడు సరిగ్గా సరిపోయింది, ఇప్పుడు వెనక వరసగా పిన్నీసులు పెట్టి బిగించారు. నీలం టోపీ. మందులకి జుట్టు పోయిందన్న మాట ఆమె ఎప్పుడూ అనలేదు. అది పెళ్లి టోపీ, అంతే.

"మజ్! ఆగు. కాళ్లు."

"నేను ఫొటోగ్రాఫర్ని గ్లెన్."

"అయితే? ఫొటోగ్రాఫర్లు గాల్లో నడుస్తారా? ఆ కోటేంట్రా, బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించేవాడిలా?"

ముర్రే పసుపుపచ్చ వానకోటు వేసుకున్నాడు. "గుంపులో దూరం నుంచి కనపడాలని," అన్నాడు.

"చంద్రుడి మీంచి కనపడుతున్నావు. తొడుగులేసుకో."

వంగి ఒక కాలికి వేసుకుంటున్నట్టు నటిస్తూ అతను కెమెరా పైకెత్తాడు. ఎత్తేలోపే అరచెయ్యి అడ్డమొచ్చింది.

"ఒక్కటి గ్లెన్."

"ఇటు చూడు." ఆమె గొంతు తగ్గించింది. "ఏడుపు మొహాలు ఏ ఫొటోలోనూ కనపడకూడదని అందరికీ చెప్పాను. నీకు విడిగా చెప్తున్నా. నన్ను వెంటాడకు. నువ్వు తీసేది పెళ్లి ఆల్బమ్‌కి కాదని నాకు తెలుసు."

"మరి దేనికి?" అన్నాడు ముర్రే. అడక్కుండా ఉండాల్సింది.

"భుజం లేని పుస్తకానికి," అంది గ్లెండా. అంటూనే అతని వెనకొస్తున్నవాళ్ల వైపు తిరిగి, "కాళ్లు! కాళ్లు!" అని కేకేసింది.

లోపల వరండా మూల ఫెర్గస్ టై కట్టుకోలేక నానా తిప్పలూ పడుతున్నాడు. ముర్రే కెమెరా మెళ్లో వేలాడేసుకుని వాడి టై కట్టాడు.

"అంకుల్ మజ్, నాకూ అమ్మకీ ఒకటి తీస్తావా? వరసలో నిలబెట్టి అరిచేది కాదు. మామూలుది."

"తీస్తా."

"ఈ చీకట్లో ఫ్లాష్ లేకుండా వస్తుందా?"

"మీ అమ్మ కదలకుండా ఉంటే వస్తుంది."

ఆ మాట అన్నాక ముర్రే సరిగ్గానే ఉన్న టైని మళ్లీ సరిచేశాడు.

పెళ్లి డ్రాయింగ్ రూములోనే. కర్టెన్ల సందులోంచి జానెడు వెలుతురు, అదీ వాన కడిగిన వెలుతురు. అంత తక్కువ వెలుతురులో కెమెరా రెప్ప చాలాసేపు తెరుచుకుని ఉండాలి. ఆ కాస్తసేపూ మనిషి కదలకూడదు. టాంసిన్ కదల్లేదు, భయానికి. ఫెర్గస్ కదల్లేదు, ఊపిరి తీస్తే ఏడుపొస్తుందని. రస్సెల్ ఎలాగూ కదిలే మనిషి కాదు. గ్లెండా మాత్రం ప్రమాణాలు జరుగుతున్నంతసేపూ ఏదో ఒకటి సర్దుతూనే ఉంది. ఎవరిదో కోటు తాడుకి తగులుతోందని లాగింది. ఎవరో గోడకి ఆనబోతే కళ్లతోనే వెనక్కి నెట్టింది. ఉంగరాలు తొడుగుతుంటే కొడుకు భుజమ్మీది నూలుపోగు తీసింది. ముర్రే తర్వాత కెమెరా వెనక చిన్న తెర మీద చూసుకున్నాడు. నెమళ్లు ఈక ఈకా తేటగా వచ్చాయి. గ్లెండా ఉండాల్సిన చోట నీలంగా పొగలాంటిది ఏదో ఉంది.

అందరూ చప్పట్లు కొట్టి బయటికి నడుస్తుంటే అతను అక్క పక్కకి చేరాడు.

"ఒక్క ఫ్లాష్. ఒకే ఒక్కటి. నువ్వూ వాడూ. నెమళ్లని కళ్లు మూసుకోమను."

"ఇవాళ మన పెళ్లని నేనే వేయిస్తే, వచ్చే ఆదివారం వచ్చినవాళ్లకి వద్దని ఏ మొహం పెట్టుకుని చెప్పనురా?"

ఆ మాట ఆమె ఎంత మామూలుగా అందంటే, ముర్రే కూడా ఒక్క క్షణం వచ్చే ఆదివారాన్ని నమ్మేశాడు. నమ్మి, వాదించడం మానేశాడు.

ముందు వరండాలో వెలుతురుంది. చలికూడా ఉంది. ముర్రే వంటగదిలోంచి బెంచీలు మోయించుకొచ్చి, ప్రాణం లేచొచ్చినట్టు, ఇరు కుటుంబాలనీ వరసలు కట్టించాడు. పెళ్లికూతురు తెల్ల గౌను కింద రబ్బరు బూట్లతో ముందు కూర్చుంది. గ్లెండాని మధ్యలో, కొడుకు పక్కన నిలబెట్టాడు. ఈసారి తప్పించుకోడానికి సందు లేదు. అటూ ఇటూ జనం. డీడ్రీ మాత్రం వరసలోంచి దిగొచ్చి ముర్రే వీపుకి ఆనుకుని నిలబడింది. పొద్దున్నుంచీ అతను తీసిందల్లా తనూ ఫోన్‌తో తీస్తోంది.

"నీకు సరిగా రానివి నాకొస్తాయేమోనని," అంది, సాయం చేస్తున్నట్టు.

"నీ చోటు అక్కడ డీడ్రీ, రెండో వరస."

"నా ఎడంపక్క బాగా రాదు. కానియ్, కానియ్."

ముర్రే గొంతు సవరించుకున్నాడు. "చెమట సాక్సులు!"

అందరూ పగలబడి నవ్వారు. వాళ్లలో సగంమందికి బళ్లో ఫొటోలు తీసింది అతనే. గ్లెండా నవ్వలేదు. సాక్సులనగానే కిందికి చూసింది. తోడిపెళ్లికొడుకు కాళ్లకి సరిపడే తొడుగులు దొరక్క బూట్లు విప్పి తడి సాక్సులతో రాతిమీద నిలబడి ఉన్నాడు. "ఇలా నిలబడితే జ్వరమొస్తుంది నీకు," అంటూ ఆమె వరసలోంచి దూరిపోయింది. కెమెరా నొక్కుకుంది. ఫెర్గస్ పక్కన మనిషి పట్టేంత ఖాళీ వచ్చింది.

ముర్రే రెండోసారి అరిచేలోపు వాయిద్యాల కుర్రాళ్లొచ్చారు. వెనకనున్న ఉన్ని షెడ్డుకి వెళ్లాల్సినవాళ్లు, దారి తెలీక, మోకాళ్లదాకా బురద బూట్లతో సరాసరి ముందు గుమ్మం మీదికి నడిచొస్తున్నారు. గ్లెండా చూసింది. ఆ క్షణంలో ఆమెకి జబ్బులేదు. మెట్లు దిగి వానలోకి పోయి, చూపుడువేలు ఎత్తి, "ఆగండి! ఇంకొక్క అడుగేస్తే ఆ డోలు నెత్తిమీద పెట్టుకుని వాయించాల్సొస్తుంది!" అంది. ముర్రే కెమెరాని కోటులోకి తోసేసి, చేతికందిన గొడుగు లాక్కుని, వెనకే పరిగెత్తి ఆమె మీద పట్టాడు. గట్టిగా గాలొస్తే ఎగిరిపోయేలా ఉంది మనిషి. ఒక చేత్తో గొడుగూ, ఇంకో చేత్తో ఆమె మోచెయ్యీ పట్టుకుంటే ఫొటో తియ్యడానికి మూడో చెయ్యి లేదు.

వాళ్లకన్నా ముందే డీడ్రీ, కొత్త తోలుబూట్లకి ఎలాగూ కాలం చెల్లిందని, ఫోన్ పట్టుకుని వానలోకి దిగింది. కుర్రాళ్ల పక్కనుంచి అదీ తీసింది.

భోజనాలు ఉన్ని షెడ్డులో. ఒకప్పుడు గొర్రెలకి బొచ్చు కత్తిరించిన చోట గొర్రెమాంసమే వడ్డించారు. రేకుల మీద వాన మోతకి ఎవరు ఏం మాట్లాడుతున్నారో వినపడక, రస్సెల్ ఉపన్యాసం అద్భుతంగా ఉందని అందరూ ఒప్పుకున్నారు. అప్పటికి పొద్దు వాలుతోంది. ముర్రే వాళ్లు గ్లాసులెత్తడం తీస్తూ, గ్లెండా కుర్చీ ఖాళీగా ఉండటం చూశాడు. తలుపు దగ్గరికొచ్చి బంగళా వైపు చూశాడు. ఒక్కో గదిలో దీపం ఆరిపోతోంది. ఆదివారం సాయంత్రం సందర్శకులు వెళ్లిపోయాక గైడ్లు చేసే పని అది. ఆ రోజు ఆదివారం కాదు.

డ్రాయింగ్ రూములో దొరికింది. కర్టెన్ అంచు పట్టుకుని నిలబడి ఉంది.

"కాళ్లు," అంది తిరక్కుండానే.

"వేసుకున్నా."

ఆమె గోడవారగా ఉన్న పచ్చ ముఖమల్ కుర్చీ దగ్గరికి నడిచింది. ఆ ఇంటి మొదటి దొరసాని కుర్చీ. గ్లెండా తాడు కొక్కెం తీసింది. తీసి, గౌను సర్దుకుని, అందులో కూర్చుంది. ముర్రేకి చర్చిలో ఎవరో సిగరెట్టు ముట్టించినట్టనిపించింది.

"ఇన్నేళ్లూ ఇది మెత్తగా ఉంటుందని చెప్తూ వచ్చాను జనానికి," అంది. "చెక్కలా ఉంది."

"ఫెర్గస్‌ని పిలుచుకొస్తానుండు. వాడు అడిగాడు, నీతో ఒకటి."

"వాడొస్తే ఏడుస్తాడు. వాణ్ణి డాన్స్ చెయ్యనీ. నన్ను తీసి వాడికివ్వు." చేతులు ఒళ్లో పెట్టుకుంది. "ఫ్లాష్ పెట్టు."

ముర్రే అలాగే నిలబడ్డాడు.

"వినపడలేదా? ఈ చీకట్లో ఏం వస్తుంది? ఫ్లాష్ పెట్టుకో."

"నెమళ్లో?"

"వాటి సంగతి అవి చూసుకుంటాయి."

"నియమం ఉందిగా గ్లెన్."

"నేను పెట్టిందేగా."

"మరి వచ్చే ఆదివారం జనానికేం చెప్తావు?"

"వచ్చే ఆదివారం మార్జరీ చెప్తుందిరా. తాళాలు నిన్ననే ఇచ్చేశాను."

ఆమె టోపీ సరిచేసుకుని కెమెరాలోకి చూసింది. చెయ్యి అడ్డం రాలేదు. పుట్టి బుద్ధెరిగాక ముర్రే కెమెరా అద్దంలోంచి అక్క కళ్లు చూడటం అదే మొదలు.

ఫ్లాష్ సంచిలో పైనే ఉంది. పొద్దున్నుంచీ దానికోసమే ఆమెని బతిమాలాడు. సంచిలోకి చెయ్యి పెట్టి పట్టుకున్నాడు కూడా. పట్టుకుని బయటికి తియ్యలేకపోయాడు. అది ఒక్కసారి వెలిగిందంటే, ఈ గదికి గ్లెండా మళ్లీ రాదని ఇద్దరూ ఒప్పుకున్నట్టే. డిస్కౌంటు కాదని ఒప్పుకున్నట్టే. ఆమె ఒప్పేసుకుంది. అతనివల్ల కాలేదు.

"బ్యాటరీ అయిపోయింది," అన్నాడు.

"ఇంకోటి వెయ్యి."

"అదీ అయిపోయింది."

"నువ్వు బ్యాటరీ లేకుండా బాత్రూముకి కూడా వెళ్లవు మజ్."

"చలికి పోతాయి ఇవి. ఊరికే పోతాయి."

గ్లెండా అతని కేసి చాలాసేపు చూసింది. చిన్నప్పుడు బిస్కెట్ల డబ్బా ఖాళీ అయినప్పుడు ఇలాగే చూసి, అమ్మకి చెప్పేది కాదు.

"సరేలే. చలికి పోతాయి. అలాగే తియ్యి."

స్టాండు కారులో ఉంది, నియమం ప్రకారం. ముర్రే నేలమీద మోకాలు ఆన్చి, మోచెయ్యి మోకాలి మీద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి తీశాడు. గ్లెండా కదల్లేదు. గోడమీది కాగితం సర్దలేదు, తాడు సర్దలేదు, అతని కాలరు వంక కూడా చూడలేదు. పైన నూనెరంగుల పటాల్లో ఉన్న ఆ ఇంటి దొరసానుల్లాగా నిటారుగా కూర్చుని, రెప్ప వెయ్యకుండా కెమెరాలోకే చూసింది. మళ్లీ తీశాడు. మళ్లీ తీశాడు.

"నీ మొహం తడిగా ఉందేంట్రా?"

"వాన."

"లోపలా?"

"కోటు కారుతోంది."

"రైతులకి మంచిదేలే," అంది గ్లెండా.

కాసేపటికి లేచింది. కూర్చున్నచోట చేతిరుమాలుతో తుడిచింది. తాడు కొక్కెం తగిలించింది. అది సరిగ్గా పడిందో లేదో లాగి చూసింది.

"వచ్చిందా?"

"బ్రహ్మాండంగా వచ్చింది."

"చూపించు."

"ఈ చిన్న తెరమీద ఏం తెలుస్తుంది? పెద్దది చేసి తెస్తా."

ఆమె కర్టెన్ పూర్తిగా లాగేసింది. ఇద్దరూ ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని, చీకట్లో, తొడుగులు జారకుండా మెల్లగా నడుచుకుంటూ షెడ్డుకి వెళ్లారు.

ఇంటికెళ్లి కంప్యూటరులో చూస్తే ఒక్కటీ రాలేదు. కుర్చీ రెండు కుర్చీలైంది. నెమళ్లు గోడమీద ఈదుతున్నాయి. నీలం టోపీ కింద మొహమున్న చోట మొహాలు ఒకదాని మీద ఒకటి జారాయి. ఈసారి అక్క కదల్లేదు. ఇల్లంతా కదిలింది.

గ్లెండా ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది. "నా ఫొటో ఏదిరా?"

"మంచి కాగితం తెప్పిస్తున్నా. వస్తోంది."

"ఇంగ్లండు నుంచి ఓడలో వస్తోందా?"

కొన్నాళ్లకి అడగడం మానేసింది. మానేసిందంటే తెలిసిపోయిందని ముర్రేకి అర్థమైంది. అప్పుడైనా ఫ్లాష్ పట్టుకుని వెళ్లొచ్చు. వెళ్లాడు కూడా, సంచీతోనే. ఆమె నిద్రపోతుంటే పక్కన కూర్చుని, సంచి జిప్పు తియ్యకుండా, టీ తాగి వచ్చేశాడు. ఆగస్టులో, వాకిళ్లలో వాటిల్ చెట్లు పసుపుపచ్చగా పూస్తుండగా, పోయింది.

రస్సెల్ వంటింటి బల్లనిండా ఇరుగుపొరుగు పంపిన మాంసం గిన్నెలు, పాస్తా గిన్నెలు. మనిషి పోయిందన్న దుఃఖం ఎంతున్నా గిన్నె తిరిగి రావాలి గనక ప్రతి గిన్నె అడుగునా ఎవరి పేరు వాళ్లు టేపుమీద రాసి అంటించారు. ఆ గిన్నెల మధ్య ఫెర్గస్, టాంసిన్, డీడ్రీ, ముర్రే కూర్చుని పుస్తకం అట్టకి ఫొటో వెతుకుతున్నారు. ప్లేటు పట్టుకున్న చెయ్యి. కాలరు సర్దుతున్న వీపు. నీలం పొగ.

"అంకుల్ మజ్, ఆ రోజు గదిలో తీశానన్నావుగా," అన్నాడు ఫెర్గస్.

"తీశాన్రా. రాలేదు."

"అమ్మ ఫ్లాష్ వెయ్యనివ్వలేదా?"

ఔనంటే అయిపోయేది. అందరూ నమ్మేవాళ్లు, తలలూపి కాస్త నవ్వుకునేవాళ్లు కూడా.

"వెయ్యమంది," అన్నాడు ముర్రే. "నేనే వెయ్యలేకపోయాను."

ఫెర్గస్ ఎవరిదో గిన్నె పైకెత్తి అడుగున పేరు చదువుతున్నట్టు చాలాసేపు చూశాడు. తర్వాత లేచి ముర్రేకి టీ పోసి, అడక్కుండానే చక్కెర ఎక్కువ వేసి, ముందు పెట్టాడు.

డీడ్రీ గొంతు సవరించుకుంది. "నా దగ్గర ఒకటుంది," అంది. జీవితంలో మొదటిసారి ఎవరినో అనుమతి అడుగుతున్నట్టుగా ఫోన్ బల్లమీద పెట్టి తోసింది.

వానలో గ్లెండా. చూపుడువేలు పైకెత్తి, నోరు సగం తెరిచి, టోపీ కొంచెం పక్కకి జరిగి, కళ్లు నిప్పుల్లా. చూసేవాడు బూట్లు విప్పకుండా ముందుకి అడుగు వెయ్యలేడు. ఒక పక్కన గొడుగు కాడ. దాని వెనక పసుపుపచ్చ వానకోటు భుజం.

రస్సెల్ కళ్లజోడు పెట్టుకుని చూసి, తీసేసి తుడుచుకుని, మళ్లీ చూశాడు. "అచ్చేసేవాళ్లు ఆ భుజం కంప్యూటర్లో చెరిపేస్తారట. చెప్పమంటావా?"

అందరూ ముర్రే వైపు చూశారు.

"నీ ఇష్టం," అన్నాడు ముర్రే.

"ఉండనియ్," అన్నాడు రస్సెల్. "ఎవరిదో తెలుసుగా."

చర్చి రోజు కూడా వానే. ముర్రే ముందు వరసలో పుస్తకం తిరగేసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వెనక వరసలో గొడుగు దులుపుకుంటూ ఒక ముసలావిడ కూర్చుంది. "రైతులకి మంచిదే," అని పక్కావిడతో గుసగుసలాడింది. తర్వాత పుస్తకాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

"ఎంత బాగొచ్చిందో గ్లెండా. ఇదుగో, ఈ పక్కన పసుపుపచ్చ భుజం ఎవరిది?"

"బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించేవాడనుకుంటా," అంది పక్కావిడ.

ముర్రే వెనక్కి తిరగలేదు.